కొండల్లో మతిమరుపు: ఒక రక్తపరీక్ష లెక్క

1981 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ గిరిజనుల అక్షరాస్యత 7.82 శాతం. ఆడవాళ్ళలో 3.46 శాతం. ఎప్పటివో పాత అంకెలు కదా అనిపించవచ్చు. కానీ ఆ ఏడాది ఇరవై ఏళ్ళున్న అమ్మాయికి ఇప్పుడు అరవై అయిదు. అరకులోయలో, అనంతగిరిలో, డుంబ్రిగుడలో, ముంచంగిపుట్టులో ఇవాళ పసుపు ఉడికించి ఆరబోస్తున్న అమ్మమ్మలు, కాఫీ పళ్ళు కోస్తున్న తాతలు ఆ లెక్కలోని వాళ్ళే. మతిమరుపు జబ్బు బయటపడే వయసూ అదే.

ఈ జబ్బు దేశంలో ఎంతమందికి ఉందో తేల్చడానికి లాసీ-డ్యాడ్ అనే సర్వే మొదటి విడతలో అరవై దాటిన 4,096 మందిని పరీక్షించింది. 2023లో వెలువడిన అంచనా ప్రకారం ఆ వయసువాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షలమందికి డిమెన్షియా ఉంది. పల్లెల్లో 8.4 శాతం, పట్టణాల్లో 5.3. ఆడవాళ్ళలో 9.0, మగవాళ్ళలో 5.8. పల్లెటూరు, ఆడమనిషి, చదువు లేకపోవడం కలిసినచోట భారం ఎక్కువ. ఏజెన్సీలో ఈ మూడూ ఒకే మనిషిలో కనిపించడం మామూలు విషయం. డిమెన్షియా ఒక్క జబ్బు కాదు. మెదడు రక్తనాళాలు దెబ్బతిన్నా వస్తుంది, ఇంకా కొన్ని కారణాలున్నాయి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది అల్జైమర్స్.

దాన్ని మొదట్లోనే పట్టుకునే రక్తపరీక్ష ఒకటి వచ్చింది. కొండల్లో దానివల్ల ఏ మేలు జరగవచ్చు, ఏ కీడు జరగవచ్చు అన్నది ఈ కథనంలోని లెక్క. దానికి ముందు, ఇంతకాలం డాక్టర్లు చేస్తున్న పరీక్ష సంగతి చూడాలి.

ప్రపంచమంతటా ఎక్కువగా వాడే జ్ఞాపకశక్తి పరీక్ష 1975లో వచ్చింది. పేరు ఎంఎంఎస్ఈ. మొత్తం 30 మార్కులు. 24 కన్నా తక్కువ వస్తే అనుమానించాలన్నది వాడుకలో ఉన్న హద్దు. అందులో వందలోంచి ఏడేసి తీసేస్తూ పోవడానికి 5 మార్కులు. కాగితంమీద ఉన్నది చదివి అలా చేయడానికి 1. ఒక వాక్యం రాయడానికి 1. ఒకదానిమీద ఒకటి పడ్డ రెండు అయిదు మూలల బొమ్మలు చూసి గీయడానికి 1. పలక పట్టని మనిషికి ఈ 8 మార్కులూ పోయినట్టే. మిగతా ప్రశ్నలన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పినా ఆమెకు వచ్చేవి 22. అంటే చలాకీగా సంతకు వెళ్ళి, చిల్లర లెక్కతేల్చి, కొండచీపుర్లు అమ్ముకుని వచ్చే మనిషి కూడా కాగితంమీద రోగి. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. నిజంగా జబ్బు మొదలైన మనిషికి మార్కులు తగ్గితే, చదువు లేదు కదా, వయసైపోయింది కదా అని వదిలేస్తారు.

ఈ చిక్కును మన దేశంలో గుర్తించి పరీక్షను మార్చినవాళ్ళు హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసిన పరిశోధకులు. 1995లో ప్రచురించిన వాళ్ళ హిందీ పరీక్షలో సంవత్సరం అడగడానికి బదులు ఇప్పుడు పొద్దునా, మధ్యాహ్నమా, సాయంత్రమా అని అడుగుతారు. వాక్యం రాయమనరు, మీ ఇంటి గురించి ఒక మాట చెప్పమంటారు. కళ్ళు మూసుకోండి అని రాసిన అట్ట చూపరు, నా ముఖం చూసి నేను చేసినట్టు చేయండి అంటారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి ఒక పరీక్షల సంపుటి తయారుచేయించింది. హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళం అనే అయిదు భాషల్లో అది ఉంది. తెలుగు ఉండటం మనకు పెద్ద మేలు. అయితే అరకు కొండల్లో ఇంట్లో మాట్లాడేది చాలాచోట్ల కువి, లేదా కొండదొరల కూబి, లేదా గదబ, పోర్జ భాషలు. ఊరికీ ఊరికీ మధ్య నడిచేది ఆదివాసీ ఒడియా. తెలుగు చాలామంది పెద్దవాళ్ళకు సంతలో, ఆఫీసులో అవసరమైనంతవరకు వచ్చిన భాష. జబ్బు మొదలైనప్పుడు పేర్లు, మాటలు దొరక్కపోవడం తొలి గుర్తుల్లో ఒకటి. అది తెలుగులో దొరకలేదా, సొంత భాషలోనూ దొరకడంలేదా అన్నది తెలుగు మాత్రమే వచ్చిన డాక్టరు తేల్చలేడు.

అందుకే రక్తపరీక్ష వార్త ఈ కొండలకు మిగతాచోట్లకన్నా ముఖ్యం. రక్తానికి చదువుతో, భాషతో పని లేదు.

అల్జైమర్స్‌లో మెదడులో రెండు ప్రొటీన్లు దారితప్పుతాయి. అమిలాయిడ్ అనేది నరకణాల మధ్య పేరుకుంటుంది, టౌ అనేది కణాల లోపల ముడులు పడుతుంది. 1906లో జర్మన్ డాక్టర్ అలాయిస్ అల్జైమర్ మైక్రోస్కోపు కింద చూసినవి ఇవే. అప్పటినుంచి దాదాపు వందేళ్ళపాటు వీటిని చూడాలంటే మనిషి చనిపోయాక మెదడు తెరవాల్సిందే. బతికున్న మనిషిలో అమిలాయిడ్‌ను చూపించే పెట్ స్కాన్ మొదటి ఫలితాలు 2004లో ప్రచురించారు. వెన్నులో సూది గుచ్చి తీసిన ద్రవంలోనూ ఈ ప్రొటీన్లను కొలవవచ్చు. రెండూ నమ్మదగిన పద్ధతులే, రెండూ కొండ ఎక్కేవి కావు. స్కాన్‌కు వాడే ఫ్లోరిన్-18 రసాయనం శక్తి ప్రతి 110 నిమిషాలకు సగమైపోతుంది. విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డులో బస్సుకు మూడున్నర, నాలుగు గంటలు. ఒకవేళ ఆ మందు విశాఖలో తయారై అరకుకు బయలుదేరినా, చేరేసరికి మిగిలేది నాలుగో వంతు. కాబట్టి మనిషే దిగిరావాలి. డోలీలో రోడ్డుదాకా మోసుకొచ్చే గ్రామాలు ఇంకా ఉన్నచోట, కాస్త మతిమరుపు ఉందని ఎవరు దిగివస్తారు?

రక్తంలో కొలిచేది పి-టౌ217. టౌ ప్రొటీన్‌లో 217వ స్థానంలో ఫాస్ఫేటు అంటుకున్న రూపం ఇది. మెదడులో అమిలాయిడ్ పేరుకునేకొద్దీ రక్తంలో ఇది పెరుగుతుంది. మతిమరుపు బయటపడటానికి పదిహేను, ఇరవై ఏళ్ళ ముందే అమిలాయిడ్ చేరడం మొదలవుతుంది కనుక దీన్ని ముందే పట్టుకోవచ్చన్నది ఆశ. 2024లో స్వీడన్ పరిశోధకులు 1,213 మందిపై చేసిన అధ్యయనంలో మామూలు వైద్యులు తమ పద్ధతిలో అల్జైమర్స్‌ను సరిగ్గా గుర్తించింది 61 శాతం సందర్భాల్లో, నిపుణులు 73 శాతం. రక్తపరీక్ష సుమారు 91 శాతం. 2025 మే 16న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇలాంటి తొలి రక్తపరీక్షకు అనుమతి ఇచ్చింది. ఆ పరీక్ష పి-టౌ217ను, అమిలాయిడ్ 42ను కొలిచి రెంటి నిష్పత్తి చూస్తుంది. 499 మంది నమూనాల్లో పాజిటివ్ వచ్చినవాళ్ళలో 91.7 శాతం మందికి స్కాన్‌లోనో వెన్నుద్రవంలోనో అమిలాయిడ్ నిజంగానే ఉంది. నెగటివ్ వచ్చినవాళ్ళలో 97.3 శాతం మందికి నిజంగానే లేదు. అయిదో వంతు లోపు మందికి అటూ ఇటూ కాని ఫలితం వచ్చింది.

ఈ 91.7ను చూసి సంబరపడి, అయితే సంతలో శిబిరం పెట్టి అరవై దాటిన అందరికీ చేసేద్దాం అనుకుంటే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. ఆ 499 మంది సంతలో కనిపించినవాళ్ళు కారు. మతిమరుపు ఉందని ఫిర్యాదుతో డాక్టర్ల దగ్గరికి వచ్చినవాళ్ళు. జబ్బు ఉండే అవకాశం ముందే ఎక్కువగా ఉన్నవాళ్ళు.

లెక్క సులువుగా ఉండటానికి పరీక్ష కచ్చితత్వం రెండువైపులా 90 శాతం అనుకుందాం. జ్ఞాపకశక్తి క్లినిక్‌కు వచ్చిన 100 మందిలో 50 మందికి అమిలాయిడ్ ఉందనుకోండి. పరీక్ష వాళ్ళలో 45 మందిని పట్టుకుంటుంది. లేని 50 మందిలో 5 గురికి తప్పుగా పాజిటివ్ చూపుతుంది. మొత్తం 50 పాజిటివ్‌లు, అందులో 45 నిజం. పదికి తొమ్మిది. బాగానే ఉంది.

ఇప్పుడు అదే పరీక్షను సంతకు తీసుకెళ్దాం. ఏ ఫిర్యాదూ లేని వెయ్యిమంది పెద్దవాళ్ళు. వాళ్ళలో 100 మందికి అమిలాయిడ్ ఉందనుకుందాం. పరీక్ష 90 మందిని పట్టుకుంటుంది. లేని 900 మందిలో పదో వంతు, అంటే మరో 90 మందికి తప్పుగా పాజిటివ్ ఇస్తుంది. మొత్తం 180 పాజిటివ్‌లు, అందులో సగమే నిజం. పరీక్ష మారలేదు, యంత్రం మారలేదు, నమ్మకం మాత్రం రూపాయి బిళ్ళ ఎగరేసిన స్థాయికి పడిపోయింది. ఆ తప్పుడు 90 మంది 90 ఇళ్ళు. అమ్మకు మతి పోతుందట అన్న మాట ఊళ్ళో పడ్డాక ఆమె చేతికి డబ్బు ఇవ్వరు, పొలం మాటల్లో పిలవరు. ఆ మాటను వెనక్కి తీసుకునే పరీక్ష లేదు.

ఇంకో మెలిక. మిగిలిన నిజమైన 90 మంది కూడా రోగులేనా? 2015లో ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో, ఏ మతిమరుపూ లేని ఆరోగ్యవంతుల్లో కూడా యాభై ఏళ్ళకు 10 శాతం మందికి, తొంభై ఏళ్ళకు 44 శాతం మందికి అమిలాయిడ్ ఉన్నట్టు తేలింది. వాళ్ళలో చాలామంది జ్ఞాపకం చెడకుండానే జీవితం ముగిస్తారు. ఇక్కడే నిపుణులు రెండు పక్షాలుగా చీలారు. 2024లో అమెరికా అల్జైమర్స్ అసోసియేషన్ తరఫున వచ్చిన నిర్వచనం ప్రకారం ప్రొటీన్ కనిపిస్తే జబ్బు ఉన్నట్టే, లక్షణాలు లేకపోయినా సరే. అదే ఏడాది అంతర్జాతీయ నిపుణుల మరో బృందం దీన్ని ఒప్పుకోలేదు. లక్షణం లేని మనిషికి జబ్బు పేరు పెట్టకూడదు, ముప్పు ఉందని మాత్రమే చెప్పాలి అంది. అరకు కొండలకు సంబంధించినంతవరకు రెండో మాటే సరైనదని నా గట్టి అభిప్రాయం. దానికి కారణం హైదరాబాదులో జరిగిన ఒక అధ్యయనంలో ఉంది.

2013 నవంబరులో న్యూరాలజీ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనాన్ని నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం చేసింది. భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత, న్యూరాలజిస్టు సుభాష్ కౌల్, ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్ అందులో ఉన్నారు. డిమెన్షియాతో క్లినిక్‌కు వచ్చిన 648 మందిని తీసుకుంటే 391 మంది రెండో, అంతకన్నా ఎక్కువో భాషలు మాట్లాడేవాళ్ళు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిషు. ఒకే భాష వచ్చినవాళ్ళకు జబ్బు సగటున 61.1 ఏళ్ళకు మొదలైతే రెండు భాషలవాళ్ళకు 65.6 ఏళ్ళకు. నాలుగున్నరేళ్ళ తేడా. అల్జైమర్స్ ఒక్కదాన్నే చూస్తే 3.2 ఏళ్ళు. చదువువల్ల వచ్చిన తేడా కావచ్చు కదా అని నిరక్షరాస్యులను విడిగా చూశారు. వాళ్ళలో తేడా ఇంకా ఎక్కువ, ఆరేళ్ళు. రెండు భాషలను మించి మూడో నాలుగో వస్తే అదనపు లాభం మాత్రం కనిపించలేదు.

బడికి వెళ్ళకపోయినా రెండు భాషల మధ్య రోజూ అటూ ఇటూ మారే మెదడు దెబ్బను ఎక్కువకాలం ఓర్చుకుంటుందన్నది ఈ అంకెలకు పరిశోధకులు చెప్పే వివరణ. ఇంట్లో కువి, పక్క ఊరివాళ్ళతో ఆదివాసీ ఒడియా, సంతలో తెలుగు మాట్లాడే డుంబ్రిగుడ పెద్దావిడ విషయంలో అది నిజమైతే, ఆమె రక్తంలో పి-టౌ217 హద్దు దాటినా ఆమె మనసు ఏళ్ళతరబడి నిక్షేపంగా ఉండవచ్చు. ఆమెను రోగి అనడానికి కాగితంమీది అంకె చాలదు.

హద్దు అన్న మాట వచ్చింది కనుక, ఆ హద్దు ఎవరి రక్తంతో గీశారో కూడా చూడాలి. ఎక్కువభాగం స్వీడన్, అమెరికా వంటి దేశాల జనంతో. మూత్రపిండాలు సరిగ్గా పనిచేయకపోతే మెదడులో ఏమీ లేకపోయినా రక్తంలో పి-టౌ పెరుగుతుంది. ఈ కొండలకు తూర్పున, శ్రీకాకుళం తీరంలో ఉద్దానం ఉంది. కారణం తేలని కిడ్నీ జబ్బుకు దేశమంతా తెలిసిన ప్రాంతం. అక్కడ కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా ఈ పరీక్ష చేస్తే కిడ్నీ రోగులు మతిమరుపు రోగులుగా నమోదవుతారు. శరీరం బరువు కూడా లెక్కను కదుపుతుంది. లావుగా ఉన్నవాళ్ళ రక్తంలో ఈ ప్రొటీన్ పలచబడి తక్కువ చూపుతుంది, సన్నగా ఉన్నవాళ్ళలో కాస్త ఎక్కువ చూపే అవకాశం ఉంది. కొండ ఎక్కి దిగే మనుషులు ఎలా ఉంటారో చెప్పనక్కర్లేదు. జన్యువులూ ఒక్కలా ఉండవు. అల్జైమర్స్ ముప్పు పెంచే ఏపీఓఈ-4 రూపం బల్లభ్‌గఢ్ పల్లెల్లో 7 శాతంగా ఉంటే, అదే బృందం పోల్చిచూసిన అమెరికాలోని పెన్సిల్వేనియా ప్రాంతంలో 11 శాతం.

రక్తం ప్రయాణమూ ఒక సమస్యే. తీసిన రక్తాన్ని గుండ్రంగా తిప్పి ప్లాస్మా వేరుచేయడం ఆలస్యమైతే అమిలాయిడ్ అంకె పడిపోతుంది. పి-టౌ మాత్రం గట్టిది, ఒక రోజు ఆగినా పెద్దగా మారదు. రెంటి నిష్పత్తి చూసే పరీక్షలో ఒకటి తగ్గి ఇంకొకటి తగ్గకపోతే ఏమవుతుందో ఊహించవచ్చు: నిష్పత్తి ఉత్తపుణ్యానికి పెరుగుతుంది. ఆరోగ్య ఉపకేంద్రంలో తీసిన గొట్టం బైక్ మీద దిగి, జీపు ఎక్కి, విశాఖ ల్యాబ్‌కు సాయంత్రానికి చేరితే ఆ ఆలస్యమే పాజిటివ్ అయి కూర్చోవచ్చు. అందుకే వేలికొనను గుచ్చి చుక్క రక్తాన్ని అట్టమీద ఆరబెట్టి పంపే పద్ధతిపై యూరప్‌లో జరుగుతున్న పరిశోధనను ఇక్కడి వైద్యులు శ్రద్ధగా గమనించాలి. మంచుపెట్టె అవసరం లేని పద్ధతి అది. ఆసుపత్రుల్లో వాడకానికి ఇంకా సిద్ధం కాలేదు.

ముందే తెలిస్తే ఏం చేయగలం? కొత్త మందుల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. లెకానెమాబ్‌ను 1,795 మందిపై 18 నెలలు పరీక్షిస్తే, 18 పాయింట్ల కొలమానంలో మందు తీసుకున్నవాళ్ళకూ తీసుకోనివాళ్ళకూ తేడా 0.45 పాయింటు. దిగజారే వేగం 27 శాతం తగ్గిందని దీన్నే ఇంకోలా చెబుతారు. 12.6 శాతం మందికి మెదడులో వాపు కనిపించింది. దీన్ని రెండు వారాలకోసారి నరంలోకి ఎక్కించాలి, మధ్యలో ఎంఆర్ఐలు తీయాలి. విశాఖలో ఎక్కించే ఏర్పాటు ఉందనుకున్నా, అరకు నుంచి ఏడాదికి 26 సార్లు రానుపోను 5,980 కిలోమీటర్లు. నెలకోసారి ఎక్కించే డోనానెమాబ్‌కు 2025లో మన దేశంలోనూ అనుమతి వచ్చింది. దానిలో వాపు ముప్పు 24 శాతం. ఈ కొండల్లో ఇప్పటికిప్పుడు ఈ మందుల పేరుతో పరీక్షలు మొదలుపెట్టడం న్యాయం కాదు.

అసలు లాభం వేరేచోట ఉంది. లాన్సెట్ కమిషన్ 2024లో 14 కారణాలను లెక్కగట్టి, వాటిని సరిచేస్తే డిమెన్షియాలో సుమారు 45 శాతాన్ని ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని చెప్పింది. చదువు లేకపోవడం, చెవుడు, చూపు మందగించడం, రక్తపోటు, షుగరు, పొగ, మద్యం, గాలి కాలుష్యం అందులో ఉన్నాయి. చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగే ఆడవాళ్ళు, కట్టెల పొయ్యి పొగ, కోయించని శుక్లాలు, ఎన్నడూ చూపించని బీపీ అన్నీ ఈ ఏజెన్సీ గ్రామాల్లో ఉన్నాయి. వీటికి కావలసిన వైద్యం కొండమీద దొరికేదే. బీ12 లోపం, థైరాయిడ్ మందగించడం, దిగులు జబ్బు కూడా అచ్చం డిమెన్షియాలాగే కనిపిస్తాయి, చికిత్సతో చాలావరకు నయమవుతాయి. వీటిని చూడకుండా పి-టౌ217 చూడటమంటే నయమయ్యే మనిషిని నయంకాని జాబితాలో రాసేయడం.

కాబట్టి పరీక్షల వరుస ముఖ్యం. మొదట ఇంట్లోవాళ్ళను అడగాలి. దారి తప్పుతోందా? సంతరోజు మరిచిపోతోందా? పైసల లెక్క తప్పుతోందా? ఇటుకల పండగ ఎప్పుడైపోయిందో చెప్పగలుగుతోందా? ఇవి ఆ మనిషి సొంత భాషలో అడగాలి. అడిగేది ఆ ఊరి ఆశ కార్యకర్త అయితే మేలు, ఎందుకంటే ఆరు నెలల కిందట ఆ మనిషి ఎలా ఉండేదో ఆమెకు తెలుసు. తర్వాత చూపు, వినికిడి, బీపీ, షుగరు, రక్తహీనత, బీ12, థైరాయిడ్, క్రియాటినిన్. వీటిలో కారణం దొరకనప్పుడు, ఆరు నెలల్లో మనిషి ఇంకా దిగజారినప్పుడు మాత్రమే పి-టౌ217. అప్పటికి మన వెయ్యిమంది కొద్దిమంది అవుతారు, లెక్క సంతలోంచి క్లినిక్‌లోకి మారుతుంది, పదికి తొమ్మిది నమ్మకం తిరిగివస్తుంది. నెగటివ్ వస్తే అది ఇంకా విలువైనది: అల్జైమర్స్ కాదు, ఇంకో కారణం వెతకండి అని ధైర్యంగా చెప్పవచ్చు.

హద్దులను ఇక్కడి రక్తంతో గీసే పని కూడా అసాధ్యం కాదు. తెలుగు మాట్లాడేవాళ్ళు బాగా ఉన్న కర్ణాటక కోలారు జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో బెంగళూరు సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ 45 దాటిన 10,000 మందిని ఏళ్ళతరబడి పరిశీలించే లక్ష్యంతో పనిచేస్తోంది. రక్తం, ఎంఆర్ఐ, జ్ఞాపకశక్తి అన్నీ చూస్తుంది. కొండల్లో రక్త నమూనాలు సేకరించడమూ మనకు తెలియని పని కాదు. 2023 జులై 1న మొదలైన సికిల్ సెల్ కార్యక్రమం గిరిజన ప్రాంతాల్లో 7 కోట్లమందిని పరీక్షించడానికి పెట్టుకున్నదే. అయితే ఆ లెక్క నలభై ఏళ్ళ దగ్గర ఆగిపోతుంది. అరవై దాటినవాళ్ళ కోసం కొండకు వచ్చే కార్యక్రమాలు అరుదు. పాడేరులో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులు పక్క మండలాల్లోని వెయ్యిమంది పెద్దవాళ్ళతో మొదలుపెట్టినా, కువిలో, ఆదివాసీ ఒడియాలో ప్రశ్నలు తయారుచేసి ఏటా అడిగినా, అయిదేళ్ళలో ఈ కొండలకు సొంత అంకెలుంటాయి.

అప్పటిదాకా ఇంట్లో పెద్దవాళ్ళ తీరు మారిందని అనిపిస్తే చేయాల్సింది ఇది. వయసుమీద పడిందని ఊరుకోకుండా దగ్గరి పీహెచ్‌సీకి తీసుకెళ్ళండి. ఎప్పటినుంచి, ఏ పనిలో తేడా వచ్చిందో తెలిసిన మనిషి వెంట ఉండాలి. తాగే మందులు, మింగే మాత్రలు, నాటువి సైతం, సంచిలో వేసుకెళ్ళండి. పైన చెప్పిన మామూలు పరీక్షలు అడిగి చేయించండి. అక్కడ తేలకపోతే పాడేరుకు, అవసరమైతే విశాఖ కేజీహెచ్ న్యూరాలజీ విభాగానికి రాయించుకోండి. ఎవరైనా నేరుగా అల్జైమర్స్ రక్తపరీక్ష చేస్తామంటే, ముందు క్రియాటినిన్ ఎంత ఉందో చూశారా అని అడగండి.